నది ఒడ్డున కంచె లేని సఫారీ క్యాంపు: అత్తగారితో, పిల్లాడితో వెళ్లొచ్చా? (జాంబియా, సౌత్ లువాంగ్వా)

మూటాముల్లె:

నమస్కారమండీ. సెప్టెంబరులో జాంబియా వెళ్దామనుకుంటున్నాం. నేను, మావారు, తొమ్మిదేళ్ల మా అబ్బాయి, మా అత్తగారు. ఆవిడకి అరవై ఎనిమిది. మోకాళ్ల నొప్పులున్నా ఉత్సాహానికి లోటు లేదు. అసలు ఈ ప్రయాణం ఆవిడ పట్టుదల వల్లే బయల్దేరింది. టీవీలో ఏనుగుల గుంపు నది దాటుతుంటే చూసి, "దీన్ని కళ్లారా చూపించండి, ఇంకేమీ అడగను" అన్నారు. మావారు వెంటనే ఎక్సెల్ షీటు తెరిచారు.

ఆ షీటు ప్రకారం రాజధాని లుసాకాలో దిగి, సౌత్ లువాంగ్వాలో ఒక క్యాంపులో రెండు రాత్రులు, అదే పార్కులో ఇంకో క్యాంపులో రెండు, తర్వాత లోవర్ జాంబేజీ అనే వేరే పార్కులో రెండు, చివర్లో విక్టోరియా జలపాతం. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ క్యాంపుల వాళ్లు పంపిన కాగితాల్లో "మా క్యాంపుకి కంచె ఉండదు, జంతువులు స్వేచ్ఛగా తిరుగుతాయి" అని గొప్పగా రాశారు. అది చదివిన దగ్గర్నుంచీ నాకు నిద్ర పట్టట్లేదు. గదులేమో గుడ్డ టెంట్లు. అత్తగారు రాత్రి కనీసం రెండు సార్లు లేస్తారు. మా వాడు ఒకచోట కుదురుగా కూర్చునే రకం కాదు. నేనూ అత్తగారూ శాకాహారులం, గుడ్డు కూడా ముట్టం.

వెళ్లొచ్చినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి. మావారికి చూపించాలి, కాబట్టి కాస్త గట్టిగానే రాయండి.

లుసాకా_లెక్కలాయన:

లుసాకాలో ఒక కంపెనీలో లెక్కలు చూస్తాను. ఎండలు ముదిరితే లువాంగ్వా వైపు పోవడం నాకు అలవాటు. ఇంట్లో వాళ్లు "మళ్లీ అక్కడికేనా" అని విసుక్కుంటారు కూడా. మీరు గట్టిగా రాయమన్నారు కాబట్టి మొహమాటం లేకుండా రాస్తున్నా.

ముందు ఆ ఎక్సెల్ షీటులో సగం వరుసలు కొట్టేయండి. సెప్టెంబరు వచ్చేసరికి లోయలో వాగులు, కుంటలు ఎండిపోతాయి. పార్కు 9,050 చదరపు కిలోమీటర్లు. అంత అడవిలోనూ నమ్మకంగా నీళ్లు దొరికేది లువాంగ్వా నదిలో, నది పాయలు తెగి మిగిలిన మడుగుల్లో. ఏనుగులకైనా అడవిదున్నలకైనా అక్కడికి రాక తప్పదు. సింహాలు ఎటూ వాటి వెనకే ఉంటాయి. అంటే ఆ నెలలో జంతువుల కోసం మీరు తిరగక్కర్లేదు. ఒడ్డున కూర్చుంటే అవే వస్తాయి. అలాంటప్పుడు రెండు రోజులకోసారి క్యాంపు మారడం ఎందుకు? మారిన ప్రతిసారీ సగం రోజు పోతుంది. సామాను సర్దాలి, జీపెక్కాలి, మట్టి రన్‌వే పక్కన చిన్న విమానం కోసం ఎదురుచూడాలి. ఆ డబ్బుతో ఒకే క్యాంపులో రాత్రులు పెంచుకోండి.

దానికి ఇంకో కారణం కూడా ఉంది. క్యాంపులో రోజు ఎలా నడుస్తుందంటే, తెల్లారకముందే ఐదున్నరకి లేపుతారు, నిప్పుల దగ్గర టీ, ఆరింటికల్లా జీపులో ఉంటారు. పదీ పదిన్నరకి వెనక్కొచ్చి భోజనం. అక్కడ్నుంచి మూడున్నర దాకా ఏమీ ఉండదు. జనం నిద్రపోతారు. నన్నడిగితే మీ అత్తగారికి అదే అసలైన సమయం. ఎండ ముదిరాక ఏనుగులు దాహానికి దిగేది అప్పుడే. నది అప్పటికి సన్నబడి ఇసుక మేటల మధ్య పారుతుంటుంది. గుంపుకి ముందు నడిచే పెద్ద ఆడ ఏనుగు ఒడ్డున ఆగి, తొండం ఎత్తి గాలి వాసన పట్టి, అప్పుడు అడుగేస్తుంది. వెనక పిల్లలు తల్లుల కాళ్ల మధ్యకి దూరి నడుస్తాయి. నీళ్లు లోతున్న చోట పిల్ల తొండం కొస ఒక్కటే పైకి కనపడుతుంది. ఆవిడ టీవీలో చూసింది ఇదే అయితే, ఇది చూడ్డానికి జీపెక్కి మోకాళ్లు నొప్పించుకోనక్కర్లేదు, టెంటు ముందు కుర్చీ ఉంటే చాలు.

ఇక జలపాతం. ఏజెంట్లు ఈ ముక్క చెప్పరు. అది పడే జాంబేజీ నదిలో నీళ్లు ఏప్రిల్ ప్రాంతంలో నిండుగా ఉంటాయి. సెప్టెంబరుకి బాగా తగ్గుతాయి. అక్టోబరు, నవంబరు నాటికి జాంబియా వైపు నించుంటే చాలా మేర నల్లరాతి గోడే కనిపిస్తుంది, ఉన్న నీళ్లు ఎక్కువగా జింబాబ్వే వైపు దూకుతుంటాయి. 1,708 మీటర్ల వెడల్పున్న జలపాతాన్ని అలా చూడ్డం నాకైతే నచ్చదు. జంతువులకి మంచి నెలలూ జలపాతానికి మంచి నెలలూ వేరు. రెండూ ఒకే ప్రయాణంలో కావాలంటే జూన్‌లో వెళ్లండి. జలపాతంలో ఇంకా బలం ఉంటుంది, వానలు ఆగిపోయి ఉంటాయి, గడ్డి కొంచెం ఎత్తుగా ఉన్నా జంతువులు కనబడతాయి. కానీ పొద్దున్నే తెరిచిన జీపులో చలి కొరికేస్తుంది. దుప్పటి ఇస్తారు, అయినా ఉన్ని టోపీ తెచ్చుకోవాలి.

కంచె సంగతికొస్తాను. అక్కడి పద్ధతి ఇదీ: చీకటి పడ్డాక మీ అంతట మీరు టెంటు దాటి అడుగు బయట పెట్టకూడదు. భోజనానికి తీసుకెళ్లడానికి టార్చితో కాపలా మనిషి వస్తాడు, మళ్లీ దింపి వెళ్తాడు. ఏదైనా అవసరమొస్తే ఊదడానికి టెంటులో విజిలో హారనో పెడతారు. జిప్పు వేసి ఉన్న టెంటు జోలికి జంతువులు రావడం చాలా అరుదు. కాబట్టి ఉక్కగా ఉందని జిప్పు తీసుకుని పడుకోకూడదు. గాలికి దోమతెర కిటికీలు ఉంటాయి. పండ్లు, బిస్కెట్లు, చాక్లెట్లు ఏవీ టెంటులో ఉంచొద్దు. ఏనుగు ముక్కు సంగతి తెలిసిందే. పగలైతే బబూన్ కోతులు జిప్పు తియ్యడం కూడా నేర్చేసుకున్నాయి.

అత్తగారి కోసం బుకింగుకి ముందే ఒక్క ప్రశ్న అడగండి: బాత్రూమ్‌కి టెంటు లోపల్నుంచే దారి ఉందా? చాలా క్యాంపుల్లో ఉంటుంది. టెంటు వెనక రెల్లు తడికో మట్టిగోడో కట్టి, పైకప్పు వెయ్యకుండా వదిలేస్తారు. కమోడ్ మీద కూర్చుని చుక్కలు చూడొచ్చు. ఓ కప్ప ఎదురు కావచ్చు, అంతే. కొన్ని చవక క్యాంపుల్లో మాత్రం బాత్రూమ్‌లు విడిగా ఉంటాయి, అవి మీకు వద్దు.

మీ అబ్బాయి విషయంలో కొంచెం కష్టపడాలి. పార్కు లోపలి చిన్న క్యాంపులు చాలావరకు పన్నెండేళ్ల లోపు పిల్లల్ని తీసుకోవు. నడక సఫారీకైతే అసలే తీసుకెళ్లరు. ఫీజు కోసం పెట్టిన నిబంధన కాదది. అక్కడ మొట్టమొదటి సూత్రం పరిగెత్తకూడదని. తొమ్మిదేళ్లవాడికి అది కుదిరే పని కాదు. పార్కులోకి వెళ్లే మ్ఫువే గేటు చుట్టుపక్కల, నదికి ఇవతలి ఒడ్డున, కుటుంబాల కోసం ఇల్లు మొత్తం అద్దెకిచ్చే చోట్లున్నాయి. జీపు మీకే, గైడు మీకే. వాడికి ఆకలేసినా నిద్రొచ్చినా పక్కవాళ్లకి ఇబ్బంది ఉండదు.

తిండికి భయపడకండి, కానీ బుకింగులోనే రాయించండి. క్యాంపు పక్కన అంగడి ఉండదు, సరుకులు ముందే లెక్కేసి తెప్పిస్తారు. వంటవాళ్లు తమ కోసం వండుకునేది కొంచెం మీక్కూడా పెట్టమని అడగండి: మొక్కజొన్న పిండితో ఉడికించే న్షిమా, చిక్కుడు గింజల కూర, వేరుశనగ పొడి వేసి దగ్గరగా వండిన ఆకుకూర. అతిథులకి పెట్టే పాస్తా కంటే అదే బాగుంటుంది.

ఆగనికెమెరా:

పైన లెక్కలాయన చెప్పినవాటితో చాలావరకు ఏకీభవిస్తా, ఒక్కటి తప్ప. కూర్చుంటే అన్నీ వస్తాయన్నది ఏనుగుల విషయంలో నిజం. చిరుతపులి రాదు. సౌత్ లువాంగ్వాకి ఫోటోలు తీసేవాళ్లు వెళ్లేదే చిరుతల కోసం, ఇక్కడ రాత్రి డ్రైవ్‌కి అనుమతి ఉంది కాబట్టి. సాయంత్రం ఆరింటికల్లా చీకటి పడుతుంది. జీపు ముందు సీట్లో లైటు పట్టుకుని ఒకతను కూర్చుంటాడు. లైటుని చెట్ల కొమ్మల మీద, పొదల మీద అలా తిప్పుతూనే ఉంటాడు, మనకి ఏమీ కనపడదు, అతను మాత్రం ఠక్కున ఆపుతాడు. అక్కడ రెండు కళ్లు. మంచి మనిషైతే జింకల మీద లైటు నిలపడు. వాటి కళ్లు బైర్లు కమ్మితే పక్కన పొంచి ఉన్నదానికి సులువైపోతుంది కదా. మీ అత్తగారిని ఒక్క రాత్రి డ్రైవ్‌కైనా తీసుకెళ్లండి. పగటి డ్రైవ్‌లన్నీ మానేసినా ఫరవాలేదు.

నెల విషయం: అక్టోబరు ఇంకా మంచిదని ఎవరైనా చెప్తే నాలాంటి పిచ్చివాళ్ల కోసం చెప్పారనుకోండి. నలభై డిగ్రీలు దాటుతుంది, టెంటులో మధ్యాహ్నం పడుకోలేరు. పెద్దావిడతో వద్దు. సెప్టెంబరే ఉంచుకోండి. అప్పటికి కార్మైన్ బీ-ఈటర్ పక్షులు కూడా వచ్చి ఉంటాయి. ముదురు గులాబీ రంగు ఒళ్లు, తల దగ్గర నీలిపచ్చ. నిట్టనిలువుగా తెగిన నది గట్లలో మీటరుకి పైగా లోతు బొరియలు తవ్వి గుడ్లు పెడతాయి. ఒక గట్టు మీద వందలకొద్దీ కన్నాలు. గద్ద నీడ పడితే అన్నీ ఒక్కసారిగా లేస్తాయి. పిల్లాడికి సింహం కంటే ఇదే నచ్చుతుందని నా పందెం, ఎందుకంటే సింహం పగలంతా పడుకునే ఉంటుంది.

జిరాఫీలు చూసినప్పుడు వాడికి చెప్పండి, ఇవి థార్నిక్రాఫ్ట్ జిరాఫీలు, ఈ లోయ దాటి ఇంకెక్కడా అడవిలో ఉండవు. స్కూల్లో గొప్పలకి పనికొస్తుంది.

ట్రైపాడ్ దండగ, జీపులో పట్టదు. ఖాళీ గుడ్డ సంచి తీసుకెళ్లి అక్కడ బియ్యమో గింజలో నింపించుకుని, దాని మీద లెన్సు ఆనించండి. కెమెరాకి దుమ్ము పట్టకుండా ఒక పాత తలగడ గలీబు.

తెల్లకోటు:

డాక్టర్ని, కానీ మీ డాక్టర్ని కాదు, కాబట్టి ఇది చదివి మందులు కొనొద్దు. లువాంగ్వాలో మలేరియా ఉంది. ఎండాకాలంలో దోమలు తగ్గుతాయి, పూర్తిగా పోవు. నివారణ మాత్రలు వెళ్లే ముందే మొదలుపెట్టాలి, తిరిగొచ్చాక కూడా వాడాలి. ఎటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అయితే వచ్చాక ఏడు రోజులు, డాక్సీసైక్లిన్ అయితే నాలుగు వారాలు. జనం మానేసేది సరిగ్గా ఇక్కడే. ఇంటికొచ్చేశాం, ఇంకెందుకు అనుకుంటారు. మీ అబ్బాయికి బరువుని బట్టి మోతాదు మారుతుంది. అత్తగారు బీపీకో, రక్తం పలచబడటానికో మందులు వాడుతుంటే ఆ చీటీ తప్పకుండా చూపించండి. తిరిగొచ్చిన మూడు నెలల్లోపు ఎవరికి జ్వరమొచ్చినా ఆఫ్రికా వెళ్లొచ్చామని మొదటి మాటగా చెప్పాలి.

సెట్సీ ఈగలు కుడతాయి, బట్టల మీంచి కూడా. నీలం, నలుపు రంగులకి ఎగబడతాయి. పార్కులో అక్కడక్కడ చెట్లకి నీలం, నలుపు గుడ్డలు వేలాడదీసి కనబడతాయి, వాటికి మందు పూసి ఈగల్ని రప్పించి చంపడానికే. కాబట్టి జీన్సు ఇంట్లో వదిలెయ్యండి. ఖాకీ, బూడిద, లేత ఆకుపచ్చ వేసుకోండి.

విమానంలో ఆసుపత్రికి తరలించే ఖర్చు కూడా కలిసిన బీమా తీసుకోండి. దీన్లో పొదుపు చెయ్యొద్దు.

మూటాముల్లె:

అందరికీ వందనాలు. మావారికి చూపించాను. లోవర్ జాంబేజీ వరుసలు ఆయనే కొట్టేశారు, జలపాతం దగ్గర మాత్రం ఇంకా మౌనంగా ఉన్నారు. అత్తగారు "రాత్రి డ్రైవ్" అన్న ముక్క రెండు సార్లు చదివించుకున్నారు.

లెక్కలాయన గారూ, ఒక్కటి అడుగుతాను, నవ్వకండి. రాత్రి టెంటు పక్కన నిజంగా ఏం వస్తాయి? దేనికి భయపడాలి, దేనికి అక్కర్లేదు? ముందే తెలిస్తే ధైర్యంగా ఉంటాను. మావారేమో నడక సఫారీకి తానొక్కడే వెళ్తానంటున్నారు, పంపొచ్చా?

లుసాకా_లెక్కలాయన:

ఇందులో నవ్వాల్సిందేమీ లేదు. కొత్తగా వచ్చినవాళ్లు సింహం గురించి అడుగుతారు, అక్కడ పనిచేసేవాళ్లు హిప్పో గురించి జాగ్రత్త చెప్తారు. వీళ్ల భయమే సరైంది.

హిప్పో పగలంతా నీళ్లలో ఉంటుంది, ఎండకి దాని చర్మం ఆగదు. చీకటి పడ్డాక గట్టెక్కి గడ్డికి బయల్దేరుతుంది. ఒక రాత్రిలో నలభై కిలోల దాకా మేస్తుంది. క్యాంపులో నీళ్లు పోసే చోట గడ్డి పచ్చగా ఉంటుంది కదా, అందుకని నేరుగా మీ టెంటు పక్కకే రావచ్చు. మొదట మీకు వినపడేది పరపరమని గడ్డి తెంపే చప్పుడు. పళ్లతో కొరకదు, వెడల్పాటి పెదాలతో పట్టి లాగుతుంది. తర్వాత బరువుగా ఒక నిట్టూర్పు. గుడ్డకి అటువైపు టన్నున్నర జంతువు, ఇటువైపు మీరు. అది మిమ్మల్ని పట్టించుకోదు. మీరూ దాన్ని పట్టించుకోకుండా పడుకోండి. టార్చి వెయ్యొద్దు, జిప్పు తీసి తొంగి చూడొద్దు. తెల్లారేలోపు వచ్చిన దారినే నదికి వెళ్లిపోతుంది. ప్రమాదమల్లా దానికీ నీళ్లకీ మధ్య మనిషి నిలబడటం. బెదిరిన హిప్పో నీళ్ల వైపే పరిగెడుతుంది, దారిలో ఏదున్నా ఆగదు. అందుకే పొద్దున్నే ఎవరూ పిలవకముందే ఫోటో కోసం గట్టు దగ్గరికి వెళ్లొద్దని మీవారికి ముందే చెప్పండి. ఆయన లాంటివాళ్లే వెళ్తారు. పగలైనా సరే, నీటి అంచుకి ఎవరూ వెళ్లకూడదు, చేతులు కడుక్కోవడానికి కూడా. ఈ నదిలో మొసళ్లు దండిగా ఉన్నాయి.

ఏనుగు సంగతి వేరు. అంత ఒళ్లు పెట్టుకుని అడుగు చప్పుడు లేకుండా వస్తుంది, పాదం కింద మెత్తటి దిండు ఉంటుంది దానికి. సెప్టెంబరులో వింటర్‌థార్న్ చెట్ల కాయలు పండుతాయి. తుమ్మకి దగ్గరి చుట్టం ఆ చెట్టు, తిక్క చెట్టు కూడా. వానల్లో ఆకు రాల్చి ఎండల్లో పచ్చగా ఉంటుంది. కాయలు నారింజ రంగులో మెలికలు తిరిగి ఉంటాయి. నీడ కోసమని టెంట్లన్నీ వాటి కిందే వేస్తారు, ఏనుగులకేమో ఆ కాయలంటే ప్రాణం. చెట్టు మొదలుకి నుదురు ఆనించి ఒక్క ఊపు ఊపుతుంది. టెంటు పైన టపటపమని కాయలు రాలతాయి. ఆ తర్వాత ఒక్కోటి తొండం కొసతో ఏరుకుని తింటూ, తాళ్లకి కట్టిన మేకుల మధ్యలోంచి, ఒక్క తాడు కూడా తెగకుండా నడిచి వెళ్తుంది. అత్తగారు రాత్రి లేస్తారన్నారుగా, ఆవిడకి దోమతెర కిటికీ పక్క మంచం ఇవ్వండి. అదృష్టముంటే మీరంతా నిద్రపోతుండగా ఆవిడ ఒక్కరే చూస్తారు.

సింహాల గర్జన కిలోమీటర్ల దూరం వినిపిస్తుంది, కాబట్టి పక్కనే ఉన్నట్టనిపించినా ఎక్కువసార్లు ఉండవు. దుమ్ములగొండి అరుపుకి పిల్లాడు ఉలిక్కిపడొచ్చు, ముందే ఫోన్లో వినిపించి ఉంచండి.

నడకకి మీవారిని నిశ్చింతగా పంపండి. ఈ పద్ధతికి పేరొచ్చిందే ఈ లోయలో. 1950లో నార్మన్ కార్ అనే ఆయన న్సెఫు ప్రాంతపు చీఫ్‌ని ఒప్పించి ఇక్కడ సందర్శకుల క్యాంపు పెట్టాడు. జంతువుల్ని చూడ్డానికి వచ్చేవాళ్ల డబ్బు ఆ ఊళ్లవాళ్లకే చేరాలన్నది ఒప్పందం. మనుషుల్ని జీపు దింపి నడిపించడం మొదలుపెట్టిందీ ఆయనే. ఇప్పుడు ముందు తుపాకీతో పార్కు శాఖ స్కౌటు, వెనక గైడు, ఆ వెనక అతిథులు, వరసగా ఒకరి వెనక ఒకరు. మాటలుండవు. గైడు చెయ్యెత్తితే ఆగాలి, అంతే. సింహాల వెంట పడతారనుకుని వెళ్లేవాళ్లు నిరాశపడతారు. పేడలోని గింజలు, చెదపుట్టలు, ఇసుకలో రాత్రి ఎవరు నడిచారో చెప్పే అడుగులు, ఇవీ చూపించేవి. అన్నీ ఎక్సెల్ షీటులో వేసే మనిషికి నచ్చుతుందో లేదో నేను చెప్పలేను.

మూటాముల్లె:

ఈ రెండో జవాబు అత్తగారికి పైకి చదివి వినిపించాను. కిటికీ పక్క మంచం ఇప్పుడే ఖాయం చేసేసుకున్నారు. ఒకే క్యాంపు, మ్ఫువే దగ్గర ఇల్లు లాంటిదే చూస్తున్నాం. జలపాతం ఇంకోసారికి వాయిదా. ఆఖరిగా సామాను, టిప్పుల సంగతి చెప్పగలరా?

లుసాకా_లెక్కలాయన:

లుసాకా నుంచి మ్ఫువేకి గంటకి కాస్త పైన. చిన్న విమానం. బరువు పరిమితి టికెట్ మీద చూసుకోండి, చక్రాల పెట్టెలు కాకుండా మెత్తటి సంచులు తెచ్చుకోండి. బట్టలు తక్కువ చాలు, చాలా క్యాంపుల్లో రోజూ ఉతికిస్తారు.

టిప్పులు రోజువారీ ఇవ్వరు, వెళ్లేరోజు ఇస్తారు. గైడుకి విడిగా చేతికివ్వండి. వంటవాళ్లు, కాపలావాళ్లు, బట్టలుతికేవాళ్ల కోసం పెట్టె ఉంటుంది, అందులో వెయ్యండి. ఇక్కడి డబ్బు క్వాచాలైనా డాలర్లైనా తీసుకుంటారు. డాలర్లయితే కొత్త నోట్లే తేవాలి. పాతవి, కొస చిరిగినవి, సిరా మరకున్నవి ఇక్కడ బ్యాంకులు వెనక్కి కొడతాయి, పాపం తీసుకున్నవాడికి అవి పనికిరావు.